పొరలు పొరలుగా పేర్చిన లోహపు కీలు – దాని బలం ఏ దిక్కున?



రక్తపోటు, మధుమేహం, మూత్రపిండాల వ్యాధులు, కీళ్ళ అరుగుదల వంటి విషయాలను గురించి నేను తరచు వ్రాస్తూ ఉంటాను. ఈసారి లోహశాస్త్రానికి చెందిన ఒక విషయాన్ని మీ ముందుకు తెస్తున్నాను. వైద్యుడికి లోహంతో పనేమిటని మీలో కొందరికి సందేహం కలుగవచ్చు. నేడు తుంటికీలు, మోకాలి కీలు, దవడ, పుర్రెపెంకు, వెన్నుపూసల నడుమ ఉంచే దిమ్మెలు వంటివెన్నో లోహంతో చేసి దేహంలో అమరుస్తున్నారు. వాటిలో కొన్నింటిని త్రీడీ ప్రింటింగు పద్ధతిలో, లోహపు పొడిని పొర తరువాత పొరగా కరిగించి తయారు చేస్తున్నారు. ఆ పొరలను ఏ దిక్కుగా పేర్చారన్న దానిని బట్టి ఆ వస్తువు బలం మారుతుంది. దేహంలో ఏళ్ళ తరబడి ఉండవలసిన వస్తువు విషయంలో ఇది రోగికీ, వైద్యుడికీ కూడా తెలిసి ఉండవలసిన సంగతి.

నేను ఎముకల శస్త్రవైద్యుణ్ణి కాను. ప్రభుత్వాసుపత్రులలో సామాన్య వైద్యం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఇంజనీరును అసలే కాను. మా అక్కయ్య విషయంలో ఈ ప్రశ్న ఎదురైనపుడు పుస్తకాలు తిరగవేసి, తెలిసినవారిని అడిగి నేర్చుకున్న దానిని సాధ్యమైనంత సులభంగా మీకు వివరించడానికి ప్రయత్నిస్తాను.

ఎముకకు దిక్కు ఉంది

ముందుగా మనకు దగ్గరి విషయంతో మొదలుపెడదాం. పొయ్యిలోకి కట్టెలు చీల్చిన తరం వారికి ఒక విషయం బాగా తెలుసు. కట్టెను నిలబెట్టి నార పారిన దిశలో గొడ్డలి వేస్తే ఒక్క దెబ్బకు రెండుగా విచ్చుకుంటుంది. అదే కట్టెను అడ్డంగా నరకాలంటే చెమటోడ్చాలి. ఇంటికి దూలం వేసే వడ్రంగి నార పొడవునా పారేటట్లు చూసుకొనే కోస్తాడు. చెక్క ఒకటే, బలం మాత్రం దిక్కును బట్టి వేరు.

మన ఎముక కూడా ఇటువంటిదే. తొడ ఎముక గట్టి భాగాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే సన్నని గొట్టాల వంటి నిర్మాణాలు ఎముక పొడవునా సాగి కనిపిస్తాయి. ఆ గట్టి ఎముక ముక్కను పొడవు దిశలో లాగితే సుమారు 130 మెగాపాస్కల్‌ల ప్రతిబలం వరకు తట్టుకుంటుంది. అడ్డంగా లాగితే సుమారు 50 మెగాపాస్కల్‌ల వద్దనే విడిపోతుంది. మనం నిలబడినా, నడిచినా బరువు ఎముక పొడవునా పడుతుంది. అందువలన ప్రకృతి బలాన్ని ఆ దిశలోనే ఎక్కువగా సమకూర్చింది.

తొడ ఎముక పైభాగాన్ని నిలువుగా కోసి చూస్తే లోపలి మెత్తని ఎముకలో సన్నని పట్టీలు కమానులవలె వంపులు తిరిగి కనిపిస్తాయి. 1860లలో స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో హెర్మన్ ఫాన్ మేయర్ అనే శరీరనిర్మాణ శాస్త్రవేత్త ఈ పట్టీలను వర్ణించగా, కార్ల్ కుల్మన్ అనే ఇంజనీరు వాటిని చూసి, బరువులెత్తే క్రేనులో ప్రతిబలాలు ప్రసరించే రేఖలు కూడా ఇలాగే ఉంటాయని గుర్తించాడు. జర్మనీకి చెందిన యూలియస్ వోల్ఫ్ అనే శస్త్రవైద్యుడు 1892లో ప్రచురించిన గ్రంథంలో, ఎముక తనపై పడే భారానికి అనుగుణంగా తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని ప్రతిపాదించాడు. వైద్య విద్యార్థులు నేటికీ చదివే వోల్ఫ్ సూత్రం ఇదే.

కనుక మనం ఎముక స్థానంలో అమర్చే లోహాన్ని గురించి కూడా అదే ప్రశ్న వేయడం సమంజసం. దాని బలం ఏ దిక్కున ఉంది? దానిపై భారం ఏ దిక్కున పడుతుంది?

పొడి నుంచి లోహపు కీలు ఎలా పుడుతుంది?

దేహంలో అమర్చే వస్తువులకు ఎక్కువగా వాడే మిశ్రలోహంలో సుమారు 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం, మిగిలినది టైటేనియం ఉంటాయి. ఉక్కు కంటె తేలిక. దేహద్రవాలలో సులభంగా తుప్పు పట్టదు. ఎముక దీనిని పరాయి వస్తువుగా నెట్టివేయకుండా దాని ఉపరితలానికి గట్టిగా అతుక్కొని పెరుగుతుంది. టైటేనియానికి గల ఈ గుణాన్ని స్వీడన్‌కు చెందిన పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ళ ఎముకలపై పరిశోధన చేస్తున్నపుడు గమనించాడు. నేటి దంత వైద్యంలోని ఇంప్లాంట్లకు మూలం అదే.

ఈ మిశ్రలోహాన్ని సన్నని పొడిగా చేస్తారు. లేజరు యంత్రంలో వాడే పొడి రేణువులు సాధారణంగా 15 నుంచి 45 మైక్రాన్ల పరిమాణంలో ఉంటాయి. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తుచేసుకుంటే ఆ పొడి ఎంత సన్ననిదో తెలుస్తుంది. ఆర్గాన్ వాయువు నింపిన గదిలో ఒక లోహపు పలకపై ఈ పొడిని 30 నుంచి 60 మైక్రాన్ల మందంలో ఒక పొరగా పరుస్తారు. కంప్యూటరు ఆదేశాల ప్రకారం లేజరు కిరణం కావలసిన చోట మాత్రమే పొడిని కరిగిస్తుంది. కరిగిన లోహం మరుక్షణమే గట్టిపడుతుంది. పలక ఒక పొర మందం కిందికి దిగుతుంది. మరల పొడి, మరల లేజరు. ఈ విధంగా వేల పొరలు పూర్తయ్యేసరికి వస్తువు తయారవుతుంది. లేజరుకు బదులు శూన్యంలో ఎలక్ట్రాన్ కిరణాన్ని వాడే యంత్రాలు కూడా ఉన్నాయి. వాటిలో పొడిని ముందుగానే ఆరేడు వందల డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తారు.

ఎలక్ట్రాన్ కిరణంతో చేసిన తుంటికీలు గిన్నెను 2007లో ఇటలీలో గైడో గ్రాపియోలో అనే శస్త్రవైద్యుడు ఒక రోగికి అమర్చారు. నెదర్లాండ్స్‌లో 83 ఏళ్ళ వృద్ధురాలికి లేజరుతో ముద్రించిన టైటేనియం కింది దవడను అమర్చిన వార్త 2012లో ప్రపంచమంతటా వచ్చింది. మన ప్రాంతంలోనూ ఈ విద్యకు పునాదులు ఉన్నాయి. హైదరాబాదులోని మిశ్ర ధాతు నిగమ్ టైటేనియం మిశ్రలోహాలను తయారుచేస్తుంది. విశాఖపట్నంలోని ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్‌లో త్రీడీ ప్రింటింగు సదుపాయం ఉంది.

లోహానికి దిక్కు ఎలా వస్తుంది?

అంతా ఒకే లోహం, అంతా కరిగి అతికినదే కదా, మరి దిక్కు భేదం ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి ముఖ్యంగా మూడు కారణాలు ఉన్నాయి.

మొదటిది వేడి ప్రవహించే దిశ. లేజరు కరిగించిన చిన్న లోహపు మడుగు చుట్టూ ఉన్నది వదులుగా పరచిన పొడి. అది వేడిని బాగా తీసుకుపోలేదు. కనుక వేడి ఎక్కువగా కిందికి, అప్పటికే గట్టిపడిన లోహంలోకి ప్రవహిస్తుంది. గట్టిపడే లోహంలోని స్ఫటిక రేణువులు ఆ ప్రవాహానికి ఎదురుగా, పైకి పెరుగుతాయి. పై పొర కరిగినపుడు కింది పొర కూడా కొంత మళ్ళీ కరుగుతుంది. కింది రేణువు పై పొరలోకి కొనసాగుతుంది. ఇలా పొర తరువాత పొరను దాటుకుంటూ, సరుగుడు తోటలోని చెట్లలాగా, పొడవైన నిలువు రేణువులు ఏర్పడతాయి. టైటేనియం చల్లబడేటపుడు ఈ పెద్ద రేణువుల లోపల సూదుల వంటి మరింత సన్నని నిర్మాణం ఏర్పడుతుంది. అది లోహానికి బలాన్ని ఇస్తుంది, కాని సాగే గుణాన్ని తగ్గిస్తుంది. నిలువు రేణువుల గుర్తులు మాత్రం మిగిలిపోతాయి.

రెండవది పొరల మధ్య మిగిలే లోపాలు. లేజరు శక్తి చాలకపోయినా, పొడి సమంగా పరుచుకోకపోయినా రెండు పొరల నడుమ ఎక్కడో ఒకచోట పొడి పూర్తిగా కరగక సన్నని ఖాళీ మిగులుతుంది. ఈ ఖాళీలు గుండ్రంగా ఉండవు. పొరకు సమాంతరంగా, పల్చగా, అంచులు పదునుగా ఉంటాయి. ఇపుడు ఆ వస్తువును పొరల దిశలోనే, అంటే అడ్డంగా లాగారనుకోండి. ఆ ఖాళీ నోరు తెరుచుకోదు. పొరలను ఒకదాని నుంచి మరొకటి వేరుచేసే దిశలో, అంటే నిర్మించిన నిలువు దిశలో లాగితే ఆ ఖాళీ నోరు తెరుచుకుంటుంది. దాని పదునైన అంచు వద్ద ప్రతిబలం అనేక రెట్లు పెరిగి అక్కడ పగులు మొదలవుతుంది. కోసిన కాగితపు అంచును పట్టుకొని లాగితే చిరుగు ముందుకు సాగే తీరు ఇదే. లేజరు శక్తి మరీ ఎక్కువైనపుడు కూడా రంధ్రాలు ఏర్పడతాయి. అవి చాలావరకు గుండ్రంగా ఉంటాయి కనుక వాటికి దిక్కు భేదం తక్కువ.

మూడవది ఉపరితలం. ఏటవాలుగా ఉన్న భాగాన్ని పొరలతో కడితే మెట్లు మెట్లుగా వస్తుంది. పొడి వైపు కిందికి చూస్తున్న తలాలపై కరిగిన లోహం పొడిలోకి జారి, అది గరుకుగా తయారవుతుంది. ఆ గరుకుతనంలోని ప్రతి నొక్కు ఒక చిన్న పగులుకు మొలకవంటిది.

ఈ మూడింటి ఫలితంగా, ఒకే యంత్రంలో, ఒకే పొడితో, ఒకే రోజున నిలువుగా నిలబెట్టి ముద్రించిన కడ్డీకి, పడుకోబెట్టి ముద్రించిన కడ్డీకి తేడాలు వస్తాయి. అయితే టైటేనియం మిశ్రలోహం విషయంలో ఒక్కసారి లాగి తెంపే బలంలో ఈ తేడా సాధారణంగా తక్కువే. తెగేముందు అది ఎంత సాగుతుంది, పదేపదే భారం పడితే ఎంతకాలం నిలుస్తుంది అన్న రెండింటిలో తేడా ఎక్కువగా కనిపిస్తుంది.

దిక్కు భేదం ఈ పద్ధతికే ప్రత్యేకమైన దోషమని అనుకోకూడదు. కొలిమిలో సాగగొట్టిన లోహంలోనూ సాగిన దిశలో ఒక ధార ఉంటుంది. జెట్ విమానాల ఇంజన్లలోని రెక్కలను పోతపోసేటపుడు రేణువులన్నీ రెక్క పొడవునా ఒకే దిశలో పెరిగేటట్లు కావాలనే చేస్తారు. దిక్కు ఉండడం తప్పు కాదు. ఆ దిక్కు తెలియకుండా వాడడమే ప్రమాదం.

అక్కయ్య ప్రశ్న

ఇక మా అక్కయ్య సంగతి. ఆవిడది కోనసీమ. నాకంటె అయిదేళ్ళు పెద్ద. చాలాకాలం క్రితం ఆవిడకు తుంటికీలు మార్పిడి జరిగింది. కాలక్రమాన అందులోని గిన్నె వదులై, దాని చుట్టూ ఉన్న కటి ఎముక బాగా కరిగిపోయింది. మామూలు గిన్నెను అమర్చడానికి తగినంత ఎముక మిగలలేదు. ఆవిడ కటి భాగానికి సీటీ స్కాన్ తీసి, ఆ కొలతలతో ఆవిడకు మాత్రమే సరిపోయే గిన్నెను టైటేనియంతో ముద్రించి, దానికి ఉన్న మూడు రెక్కలను కటి ఎముక మూడు భాగాలకు మరలతో బిగించవచ్చునని శస్త్రవైద్యుడు సూచించాడు. అలా చేయించుకోకపోతే ఆవిడ మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితం కావలసినదే.

స్కాన్ బొమ్మలను చూపించి నేను వివరిస్తుంటే ఆవిడ అంతా విని ఒకటే మాట అడిగింది.

"ఒరేయ్ తమ్ముడూ, రేకు మీద రేకు వేసి చేసిందంటున్నావు. మన ఆత్రేయపురం పూతరేకు నోట్లో పెట్టుకోగానే ఏమవుతుందో నీకు తెలియదా? నా బరువంతా దాని మీద వేసి నడవమంటావా?"

నవ్వు వచ్చినా, అంతకంటె సూటియైన ప్రశ్న మరొకటి లేదు. పూతరేకులో రేకుకు రేకుకు మధ్య నెయ్యి, బెల్లపు పొడి ఉంటాయి, రేకులు ఒకదానికొకటి అతుక్కోవు, ఇక్కడ లేజరు పై పొరను కరిగించేటపుడు కింది పొరలు కూడా కొంత లోతు వరకు కరిగి ఒకటిగా గట్టిపడతాయి అని చెప్పాను. "అన్నిచోట్లా అతుకుతుందా?" అని ఆవిడ తిరిగి అడిగింది. దానికి నా వద్ద సమాధానం లేదు. ఆ రాత్రి నుంచే నేను ఈ విషయాన్ని చదవడం మొదలుపెట్టాను.

శస్త్రవైద్యుణ్ణి అడిగితే ఆయన నిజాయితీగా, "ఎముకకు సంబంధించినంత వరకు నేను చెప్పగలను సార్, ముద్రణ సంగతి తయారీ సంస్థనే అడుగుదాం" అన్నారు. సంస్థ తరఫున వచ్చిన యువకుడు ధర, గడువు, రంగుల పుస్తకం అన్నీ చూపించాడు. ఆ మూడు రెక్కలను యంత్రంలో ఏ దిశగా నిలిపి ముద్రిస్తారని అడిగితే అతనికి తెలియదు. ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదన్నాడు. నేను వ్రాతపూర్వకంగా అడిగాను. వారం రోజులలో ఇంజనీరు నుంచి బొమ్మతో సహా జవాబు వచ్చింది. నడకలో ఎక్కువగా వంగే రెక్కలో పొరలు ఆ వంపువలన విడిపోయే దిశలో లేకుండా వస్తువును వాల్చి నిలుపుతున్నామని, ముద్రణ తరువాత చేసే ప్రక్రియలను, పరీక్షలను వివరించాడు. ఆ జవాబు చదివిన తరువాతనే నేను అక్కయ్యతో "చేయించుకో" అన్నాను.

శస్త్రచికిత్స జరిగి రెండేళ్ళు దాటింది. చేతికర్రతో ఇంట్లోనూ, పెరట్లోనూ తిరుగుతున్నది. ఒక్కరి అనుభవం శాస్త్రం కాదని నాకు తెలుసు. ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం శాస్త్రీయమైనదే.

లోహానికి అలసట

తుంటికీలుపై పడే భారాన్ని మనం తక్కువగా అంచనా వేస్తాం. జర్మనీలోని బెర్లిన్‌లో గియోర్గ్ బెర్గ్‌మన్, ఆయన సహచరులు భారాన్ని కొలిచే పరికరాలను కృత్రిమ కీళ్ళలోనే అమర్చి, వాటిని ధరించిన రోగులు నడుస్తుండగా కొలిచారు. మామూలు నడకలోనే తుంటికీలుపై శరీరపు బరువుకు సుమారు రెండున్నర రెట్ల భారం పడుతుంది. ఒంటికాలిపై నిలిచినపుడు దేహం పక్కకు ఒరగకుండా కండరాలు గట్టిగా లాగడమే ఇందుకు కారణం. కాలు తడబడినపుడు ఆ భారం ఏడెనిమిది రెట్లు కూడా కావచ్చు.

ఇక ఎన్నిసార్లు? కీళ్ళను పరీక్షించేవారు ఒక్కొక్క కాలికి సంవత్సరానికి సుమారు 10 లక్షల అడుగులని లెక్క కడతారు. ఇరవై ఏళ్ళకు 2 కోట్లు. ఇనుప తీగను ఒక్కసారి వంచితే విరగదు. అటూ ఇటూ వంచుతూ పోతే కాసేపటికి తెగుతుంది. దీనినే లోహపు అలసట అంటారు. జిల్లా ఆసుపత్రిలో పనిచేసిన రోజులలో, ఎముక అతుక్కోకముందే పొలం పనికి వెళ్ళిపోయిన వారి కాళ్ళలో మధ్యకు విరిగిన ఉక్కు పలకలను ఎక్స్‌రేలలో చూశాను. వారిలో చాలామంది "డాక్టరుగారూ, నేనేమీ పడలేదండీ, నడుస్తుండగానే టక్కుమన్నది" అని చెప్పేవారు. వారు చెప్పినది నిజమే. ఒక పెద్ద దెబ్బ వలన కాక, వేల చిన్న అడుగుల వలన అది విరిగింది.

ఎముకకు, లోహానికి మధ్య గల అతి ముఖ్యమైన తేడా ఇక్కడే ఉంది. ఎముకలో కూడా రోజూ సూక్ష్మమైన పగుళ్ళు ఏర్పడతాయి. అయితే పాత ఎముకను తొలగించే కణాలు, కొత్త ఎముకను నిర్మించే కణాలు నిరంతరం పనిచేసి వాటిని మరమ్మతు చేస్తాయి. లోహానికి ఆ భాగ్యం లేదు. దానిలో పుట్టిన పగులు మానదు, పెరగడమే తెలుసు. అందుకే పగులు పుట్టే అవకాశాన్ని తయారీలోనే తగ్గించాలి.

ముద్రించినది ముద్రించినట్లుగా, ఉపరితలాన్ని నునుపు చేయకుండా పరీక్షిస్తే ఈ మిశ్రలోహం పదేపదే పడే భారానికి తట్టుకొనే శక్తి, సాగగొట్టి నునుపు చేసిన లోహపు శక్తిలో సగం కూడా ఉండకపోవచ్చు. అందులోనూ భారం నిర్మాణ దిశలో పడి, పొరల నడుమ లోపాలుంటే అది మరింత తగ్గుతుంది.

దీనిని ఎలా సరిచేస్తారు?

ఈ లోపాలను తగ్గించే మార్గాలు ఉన్నాయి.

లేజరు గీతలను ప్రతి పొరలోనూ ఒకే దిశలో కాక, పొర పొరకూ 67 డిగ్రీల చొప్పున తిప్పుతూ గీయడం చాలా యంత్రాలలో వాడుకలో ఉన్న పద్ధతి. దానివలన ఒకే గీతపై మరొక గీత వెంటనే పడక, దిక్కు భేదం కొంత తగ్గుతుంది.

ముద్రణ ముగిశాక వస్తువును పలక నుంచి కోయడానికి ముందు కొలిమిలో వేడి చేస్తారు. క్షణాలలో కరిగి క్షణాలలో గట్టిపడిన లోహంలో బిగుతు దాగి ఉంటుంది. వేడి చేయకుండా కోస్తే వస్తువు వంకర తిరగవచ్చు. సరైన ఉష్ణోగ్రతలో వేడి చేయడం వలన సూదుల వంటి పెళుసు నిర్మాణం కూడా మారి సాగే గుణం పెరుగుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైన మరొక ప్రక్రియ ఉంది. వస్తువును ఆర్గాన్ వాయువు నింపిన గట్టి పాత్రలో ఉంచి, సుమారు 920 డిగ్రీల సెల్సియస్ వేడిలో, వాతావరణ పీడనానికి దాదాపు వేయి రెట్ల పీడనాన్ని అన్ని వైపుల నుంచి రెండు గంటల వరకు కలిగిస్తారు. మెత్తబడిన లోహంలోని లోపలి ఖాళీలు ఆ ఒత్తిడికి మూసుకొని అతుక్కుంటాయి. దీనితో దిక్కు భేదం చాలావరకు తగ్గుతుంది. అయితే ఉపరితలానికి తెరుచుకొని ఉన్న రంధ్రాలను ఈ ప్రక్రియ మూయలేదు, ఎందుకంటే వాయువు వాటిలోనికి కూడా ప్రవేశిస్తుంది. గరుకుతనాన్ని కూడా తొలగించలేదు. దానికి చెక్కడం, మెరుగుపెట్టడం వేరుగా చేయాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎముక లోనికి పెరిగి అతుక్కోవాలంటే గిన్నె వెలుపలి భాగం సచ్ఛిద్రంగా, గరుకుగా ఉండాలి. అలసటకు తట్టుకోవాలంటే నునుపుగా ఉండాలి. అందుకే ఎముకను తాకే భాగాన్ని కొన్ని వందల మైక్రాన్ల రంధ్రాలతో జల్లెడవలె ముద్రించి, భారం మోసే మరల రంధ్రాలను, రెక్కల మెడలను గట్టి లోహంతో ముద్రించి చెక్కుతారు. ఆ జల్లెడలోని సన్నని పుల్లలలో కూడా నిలువు పుల్లలు చక్కగా వస్తాయి. అడ్డపుల్లలు కింద ఆధారం లేక వంగి, ఎగుడు దిగుడుగా వస్తాయి.

మరి అన్ని వస్తువులను బలం కోరిన దిశలోనే నిలిపి ముద్రిస్తే సరిపోదా? అది అంత సులభం కాదు. వస్తువును నిలబెడితే పొరల సంఖ్య పెరిగి కాలమూ, ఖర్చూ పెరుగుతాయి. పడుకోబెడితే ఒక్కొక్క పొరలో కరిగే భాగం పెద్దదై బిగుతు పెరిగి వస్తువు వంగవచ్చు. నేలకు సుమారు 45 డిగ్రీలకంటె తక్కువ వాలు ఉన్న భాగాలకు కింద ఆధారపు స్తంభాలను కూడా ముద్రించాలి. వాటిని తరువాత విరిచి తొలగించినచోట మచ్చలు మిగులుతాయి. ఆ మచ్చ భారం పడే చోట రాకూడదు. ఎముక భారాన్ని ఒక్కదాన్నే చూసుకొని తన దిశను నిర్ణయించుకుంటుంది. ఇంజనీరు భారాన్ని, కాలాన్ని, ధరను, మచ్చను కలిపి తూచి ఒక భంగిమను ఎంచుకోవాలి. ఆ తూకంలో భారానికి మొదటి స్థానం ఇచ్చాడా లేదా అన్నదే మనం అడగవలసినది.

నియమాలు ఏమంటున్నాయి?

దిక్కులను అందరూ ఒకే విధంగా పేర్కొనడానికి ఐఎస్ఓ/ఏఎస్‌టీఎం 52921 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో పొరలు పేరుకొనే నిలువు దిశను జెడ్ అక్షంగా పిలుస్తారు. దేహంలో వాడే స్వచ్ఛమైన తరగతి టైటేనియం మిశ్రలోహాన్ని ఈ పద్ధతిలో తయారు చేయడానికి ఏఎస్‌టీఎం ఎఫ్ 3001 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం తెగే బలం కనీసం 860 మెగాపాస్కల్‌లు, తెగేముందు సాగడం కనీసం 10 శాతం ఉండాలి. 860 మెగాపాస్కల్‌లంటే ఒక చదరపు సెంటీమీటరుపై ఎనిమిదిన్నర టన్నులకు పైగా బరువు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017 డిసెంబరులో వెలువరించిన మార్గదర్శకాలలో, వస్తువును యంత్రంలో ఏ దిశగా, ఏ చోట నిలిపారన్నది దాని గుణాలను మార్చవచ్చునని తయారీదారులకు స్పష్టంగా చెప్పింది. మన దేశంలో 2017 నాటి వైద్య పరికరాల నియమాలు అమలులో ఉన్నాయి.

మీరు అడగదగిన ప్రశ్నలు

మీకో, మీ ఆత్మీయులకో ఇటువంటి లోహపు భాగాన్ని అమర్చాలని వైద్యులు సూచించినపుడు వినయంగా, కాని తప్పక ఈ విషయాలను అడగండి.

1. ఈ భాగం మామూలు పద్ధతిలో తయారైనదా, ముద్రించినదా? ఏ లోహంతో, ఏ ప్రమాణం ప్రకారం చేశారు?

2. నడకలో ఎక్కువ భారం పడే భాగం ఏది? అక్కడ పొరలు ఆ భారానికి ఏ దిశలో ఉన్నాయి?

3. ముద్రణ తరువాత వేడి చేసే ప్రక్రియ, అధిక పీడన ప్రక్రియ జరిపారా?

4. వస్తువుతోపాటు అదే యంత్రంలో, అదే దిశలో నమూనా కడ్డీలను ముద్రించి తెంపి చూశారా? ఇది గట్టి ప్రశ్న. పడుకోబెట్టిన కడ్డీని పరీక్షించి నిలబెట్టిన వస్తువుకు యోగ్యతాపత్రం ఇవ్వడం సరికాదు.

5. రంధ్రాలలో చిక్కుకున్న కరగని పొడిని పూర్తిగా తొలగించారా?

ఈ ప్రశ్నలకు మీ శస్త్రవైద్యుడు వెంటనే సమాధానం చెప్పలేకపోవచ్చు. అది ఆయన లోపం కాదు. తయారీ సంస్థ ఇంజనీరు నుంచి వ్రాతపూర్వకంగా తెప్పించి ఇవ్వమని కోరండి. మంచి సంస్థకు అది కష్టమైన పని కాదు.

ఇంత వ్రాసిన తరువాత మీకు భయం కలిగించి వదిలివేయడం భావ్యం కాదు. కృత్రిమ కీళ్ళు విఫలమవడానికి లోహం విరగడంకంటె సూక్ష్మజీవుల వలన చీము పట్టడం, కీలు వదులవడం, తప్పిపోవడం అధికంగా కారణాలు. కనుక మధుమేహాన్ని అదుపులో ఉంచుకోండి. బరువు పెరగకుండా చూసుకోండి. పళ్ళకు, చర్మానికి, మూత్రానికి సంబంధించిన వ్యాధులు కలిగితే వెంటనే వైద్యం చేయించుకోండి. స్నానాల గదిలో జారకుండా పట్టుకొనే కడ్డీలను అమర్చుకోండి. తడబడినపుడు భారం ఎన్ని రెట్లవుతుందో పైన చెప్పాను. వైద్యులు చెప్పిన గడువులలో ఎక్స్‌రేలు తీయించుకోండి. నడుస్తుంటే కొత్తగా నొప్పి, చప్పుడు కలిగితే రేపటికి వాయిదా వేయవద్దు.

మా అక్కయ్య చదివినది అయిదో తరగతి. ఆవిడ అడిగిన "అన్నిచోట్లా అతుకుతుందా?" అన్న ప్రశ్న ప్రయోగశాలల్లో ఇంజనీర్లు సీటీ యంత్రాలతో వెదుకుతున్న ప్రశ్నే. సందేహం కలిగినపుడు చదువు తక్కువని, అడిగితే డాక్టరుగారు ఏమనుకుంటారో అని మొగమాటపడవద్దు. మీ దేహంలో జీవితాంతం ఉండబోయే వస్తువును గురించి అడిగే హక్కు మీకు ఉంది. ఓపికగా సమాధానం చెప్పడం మా వైద్యుల ధర్మం.

ఈ వ్యాసం అవగాహన కోసం మాత్రమే. చికిత్సకు సంబంధించిన నిర్ణయాలను మిమ్మల్ని పరీక్షించిన వైద్యులతో చర్చించి తీసుకోండి. అందరూ ఆరోగ్యంగా ఉండాలని కోరుకుంటూ, సెలవు.